గంట నాలుక

“...అందుకని మన క్వయర్‌ని ఇలా ఒక్కసారిగా...”

ఠింగ్!

చర్చి పాటల బృందాన్ని నడిపే క్వయర్ ఆంటీ నోరు తెరిచే ఉంది. మాట మాత్రం సగంలో తెగిపోయింది.

“టైమైపోయిందండీ,” అన్నారు అయ్యగారు, అరచేతిలో పట్టేంత ఇత్తడి గంటని నిద్రపోతున్న పసిబిడ్డని పడుకోబెట్టినట్టు బల్ల మీద పెడుతూ.

ఆయన ఈ చర్చికి పాస్టరుగా వచ్చి మూడు నెలలు. అంతకుముందు సోమవారం స్టాఫ్ మీటింగంటే మైకు సెట్టు చూసుకునే మైకన్న కునుకు తీసేవాడు, గుమాస్తా గోళ్ళు కత్తిరించుకునేవాడు. ఒకసారి కొత్త కర్టెన్లు ఏ రంగువి కొనాలని మొదలైన చర్చ తేలేసరికి ఉన్న కర్టెన్లే చిరిగిపోయాయి. కొత్త అయ్యగారు వచ్చిన వారమే గోడకి కాగితం అంటించారు: ‘మీటింగులు ఫలవంతంగా, అర్థవంతంగా జరగాలి. మనిషికి రెండు నిమిషాలు. గంట మోగితే ఆపాలి.’

ఫలవంతంగానే జరుగుతున్నాయి. గుమాస్తా గోళ్ళు పెరిగిపోయాయి.

ఒక్కటే తేడా. అందరికీ రెండు నిమిషాలంటే రెండు నిమిషాలే. ఆంటీకి మాత్రం నలభై సెకన్లు. వాచీ పెట్టుకుని మరీ లెక్కపెట్టింది. ఒకసారి ముప్పై ఐదు. అదీ ఎప్పుడూ మాట మధ్యలోనే. ఒక్కనాడూ వాక్యం ముగిశాక కొట్టిన పాపాన పోలేదు.

ఇవాళ మీటింగు కాగితంలో నాలుగో అంశం: ‘క్వయర్ రద్దు. ఇకనుంచి రికార్డు పాటలు. వచ్చే సోమవారం నిర్ణయం.’

బయట వరండాలో ఆంటీ భగ్గుమంది. “నా మీద కక్షగట్టి కొడుతున్నాడ్రా ఆ మనిషి!”

“అదేం లేదాంటీ,” అన్నాడు మైకన్న. “మీరు మాట్లాడితే నలభై సెకన్లే మాకు నాలుగేళ్ళలా ఉంటుంది. పాపం ఆయన న్యాయంగానే కొడుతున్నారు.”

“నీ మైకు కాలిపోనూ! ఆ మాటతీరు చూశావా? బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కో మాటా ఏరి ఏరి వదులుతాడు. ఎంత పొగరు!”

“అయ్యగారు చిన్నప్పుడు ఈ చుట్టుపక్కలే ఉండేవారట ఆంటీ,” అన్నాడు గుమాస్తా. “ఆ గంట కూడా ఆయనే స్టోర్‌రూమ్‌లో వెతికి తీశారు. పూటంతా దుమ్ములో కూర్చున్నారు.”

“ఉంటే ఉన్నాడు. ఇప్పుడు నన్నేం చేయమంటావు, సన్మానమా?”

ఆ చర్చిలో ఆంటీ చేయని పని లేదు. పూలు సర్దింది. ఆదివారం బడి నడిపింది. ఆ రోజుల్లో పిల్లలు దగ్గు వచ్చినా చెయ్యెత్తి, అనుమతి తీసుకుని దగ్గేవారు. తర్వాత పందొమ్మిదేళ్ళుగా క్వయర్. ఇప్పుడా క్వయర్‌ని ఒక స్పీకరు డబ్బా మింగేయబోతోంది. ఆపాలంటే మీటింగులో నాలుగు మాటలు పూర్తిగా మాట్లాడాలి. నలభై సెకన్లలో ఆంటీకి గొంతు సవరించుకోవడమే అవదు.

వారమంతా పగ మీదే బతికింది. గంటని బావిలో పడేద్దామా? కరిగించి చెంచా చేయించి, దాంతోనే ఆయన కాఫీ కలిపి ఇద్దామా? చివరికి తల అడ్డంగా ఊపింది. కాదు. గంట ఉండాలి. ఆయన ఊపాలి. అది మోగకూడదు.

ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ గుమ్మం దగ్గర కబుర్లలో ఉండగా ఆఫీసులో దూరింది. గంట లోపలి నాలుకని ఎడమకి రెండు చుట్లు తిప్పి, కాస్త నొక్కి లాగితే ఊడి వస్తుంది. ఆమె వేళ్ళు ఎక్కడా తడుముకోలేదు.

సోమవారం. నాలుగో అంశం. ఆంటీ లేచింది. నలభయ్యో సెకనులో అయ్యగారు గంట ఊపారు.

చప్పుడు లేదు.

మళ్ళీ ఊపారు. బోర్లించి లోపలికి చూశారు. పందొమ్మిదేళ్ళలో ఏ పాటా ఆంటీ చెవికి ఆ నిశ్శబ్దమంత తీయగా తగల్లేదు.

ఇరవై రెండు నిమిషాలు మాట్లాడింది. ఊపిరి కూడా కామాల దగ్గరే తీసుకుంది. మైకన్న నిద్రపోలేదు. ఇది చర్చి రికార్డుల్లో రాయాల్సిన సంగతి.

“మన దర్జీ తాతకి పక్షవాతమొచ్చి మాట పడిపోయింది కదా,” అంది చివర్లో. “మంచినీళ్ళు కావాలన్నా చేత్తో సైగ చేస్తాడు. మా మధ్య నిలబడితే మాత్రం పల్లవి పూర్తిగా పాడతాడు. నోట మాట రానివాళ్ళకి కూడా పాటలో వస్తుందండీ. మీ స్పీకరు డబ్బా పక్కన నిలబెడితే వస్తుందా?”

అయ్యగారి చేతిలో కలం ఆగిపోయింది.

గుమాస్తా కళ్ళు తుడుచుకుంటూ క్వయర్ ఉండాలని చెయ్యెత్తాడు. మైకన్న రెండు చేతులూ ఎత్తాడు. అయ్యగారు మీటింగు కాగితం ముందుకు లాక్కున్నారు. తర్వాత నాలుగో అంశం కొట్టేసి, కింద సంతకం పెట్టారు.

గెలిచాక కూడా ఊరుకుంటే ఆంటీ ఎందుకవుతుంది? పర్సులోంచి ఇత్తడి నాలుక తీసి, ఆయన ముందు ఠక్కున పెట్టింది.

“ఇదిగోండి అయ్యగారూ. పీకింది నేనే. ఇంకెవరినీ మాట మధ్యలో ఆపకుండా!”

అయ్యగారు దాన్ని చూపుడు వేలితో మెల్లగా తాకారు. మూడు నెలల్లో మొదటిసారి, మాటలు ఏరుకోకుండా అన్నారు:

“ఇది మీరు పీ... పీకిన రెండో నాలుక, టీ... టీచర్‌గారూ, మొదటిది నాది, ఆదివారం బడిలో, నేను కంఠతా చెబుతున్న వాక్యం మధ్యలో, ఈ గం... గంటే కొట్టి.”