కెటిల్‌లో పెద్దావిడ

ఫోటోను షాపు పేజీలో పెట్టి, టీ తాగి వచ్చేసరికి కింద ఒక కామెంటు ఉంది.

"కెటిల్ బాగుంది. వెనకాల నిలబడ్డ పెద్దావిడ కూడా అమ్మకానికేనా?"

కోడలు ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

ఆన్‌లైన్‌లో స్టీలు కెటిళ్ళు, రాగి కూజాలు అమ్మడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఆమెకు నీడలతోనే పోరు. అద్దంలా మెరిసే వస్తువు. ఎదురుగా ఏముంటే అది అందులో పడి కూర్చుంటుంది. అందుకే భోజనాల బల్లను కిటికీ పక్కకు జరిపింది. గోడ మీంచి బల్ల మీదకి తెల్ల చార్టు మడత పడకుండా వంచింది. కిటికీకి పల్చటి గుడ్డ కట్టింది. తను మాత్రం నల్ల దుప్పటి కప్పుకుని, దానికి చేసిన కంతలోంచి ఫోను బయటికి పెట్టి తీస్తుంది.

"నువ్వు ఫోటోలు తీసేదానివా, దొంగతనానికి పోయేదానివా?" అని భర్త మొదట్లో నవ్వేవాడు.

ఇంత చేసినా కెటిల్ బొజ్జ మీద, దుప్పటి నలుపు పక్కనే, తెల్లటి జుట్టు. ఒక పక్కకి ఒరిగిన భుజం. నోరు కొద్దిగా తెరిచి ఉంది, ఎవరినో పిలవబోతున్నట్టు.

అత్తయ్య.

కోడలు చటుక్కున వెనక్కి తిరిగింది. ఎవరూ లేరు. పేజీలోంచి ఫోటో తీసేసి, ఆఫీసులో ఉన్న భర్తకు ఫోన్ చేసింది.

"ఏమండీ, మళ్ళీ వచ్చింది."

అతను గొంతు తగ్గించాడు.

"నువ్వు చూశావా?"

"లేదు. నా వెనకే నిలబడితే నాకు అలికిడైనా తెలియలేదు. కెటిల్‌లో పడింది. ఎవరో చూసి కామెంటు కూడా పెట్టారు."

"ముందు ఆ ఫోటో తీసెయ్."

"తీసేశాను. ఎన్నాళ్ళండీ ఇలా? ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు."

"ఇల్లు మారితే అన్నీ సర్దుకుంటాయనుకున్నాం కదా," అన్నాడతను నీరసంగా.

అత్తయ్య పేరున ఉన్న పాత ఇంటిని, ఆవిడ డెత్ సర్టిఫికెట్టు పెట్టి అమ్మేసి, ముక్కూమొహం తెలియని ఈ వీధికి వచ్చింది అందుకే. అక్కడైతే గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆవిడ మాటే ఎత్తేవాళ్ళు. ఇక్కడ అడిగేవాళ్ళు లేరు. మనశ్శాంతి మాత్రం ఇక్కడా లేదు. హాల్లో కాళ్ళీడ్చిన చప్పుడు. తల తిప్పితే ఖాళీ. మిట్టమధ్యాహ్నం ఎక్కణ్ణుంచో మోకాళ్ళ మందు వాసన గుప్పుమంటుంది. ఓ రోజు తీగ మీద ఆరేసిన బట్టలు మంచం మీద మడతపెట్టి ఉన్నాయి. అంచుకి అంచు కలిపి, అరచేత్తో నొక్కి నొక్కి. ఈ ఇంట్లో అలా మడిచే అలవాటు అత్తయ్యది ఒక్కదానిదే. కోడలు ఆ బట్టలన్నీ మళ్ళీ నీళ్ళలో ముంచింది.

ఈసారి తన వెనక కూడా ఒక దుప్పటి వేలాడదీసింది. కూజాను బల్ల మీద పెట్టి, వేలిముద్రలు పోయేలా తుడిచింది. ఫోను ఎత్తిందో లేదో, మోగింది.

ఆడపడుచు.

ఆడపడుచు ఓడలో నర్సు. ఏడాదిలో సగం నీళ్ళ మీదే. అమ్మ ఇక లేదని అన్నయ్య కబురు పంపినప్పుడు ఆమె నడిసముద్రంలో ఉంది. ఒడ్డు చేరేసరికి అంతా అయిపోయిందన్నారు.

"వదినా, కెటిల్ ఫోటో పెట్టి తీసేశావేం?"

"సరిగ్గా రాలేదు చిట్టీ."

"అందులో అమ్మ ఉంది."

కోడలు గోడకు ఆనుకుంది.

"కర్టెన్ మడతై ఉంటుంది. మెరిసేవాటిలో నానా ఆకారాలూ కనబడతాయి. నాకూ ఒక్కోసారి అలాగే..."

"నీకూ కనబడుతోందా?" ఆడపడుచు గొంతులో భయం లేదు. ఆశ ఉంది. "భయపడకు వదినా. అమ్మ ఎవరికీ చెడు తలపెట్టే మనిషి కాదు. నాకు కడసారి చూపు దక్కలేదుగా, అందుకే తిరుగుతోందేమో. ఆ ఫోటో నా ఫోన్లో దాచుకున్నాను. అమ్మ ఇంత చిక్కిపోయిందేంటి వదినా?"

అటువైపు వెక్కిళ్ళు.

"నిన్ననే ఓడ దిగాను. రేపు పొద్దున్నే మీ ఇంటికి వస్తున్నా. ఆ బల్ల దగ్గర కాసేపు కూర్చుంటాను. ఇంకేం అడగను. ఒక్కసారి కనబడితే చాలు."

"రా చిట్టీ. నీ ఇల్లు కాదూ?" అంది కోడలు.

ఫోన్ పెట్టేసింది. కూజాలో తన ముఖం సాగి, వంకర తిరిగి, ఎవరిదోలా ఉంది. దాన్ని బోర్లించింది. చార్టు చుట్టింది. దుప్పట్లు రెండూ మడవబోయి, అంచుకి అంచు కలుస్తోందని గమనించి, ఉండలా చుట్టి మూలకి విసిరేసింది.

ఇంట్లో ఎక్కడో సన్నగా దగ్గు వినబడింది.

కోడలు కళ్ళు తుడుచుకుని, మెత్తగా కలిపిన అన్నం గిన్నెతో బయటి గడియ వదులైన వెనక గదిలోకి వెళ్ళి, మంచం మీదున్న ముసలామె నోటికి ముద్ద అందిస్తూ, "రేపు మీ అమ్మాయి వచ్చి వెళ్ళేదాకా గట్టిగా ఊపిరి కూడా తీయకండి అత్తయ్యా," అంది.