చలవ చెయ్యి

ఎనభయ్యారు గోదావరి వరద పోయిన పదకొండో ఏడు. దాళ్వా వరికి పొలాలు దమ్ము చేసే రోజులు. మండపేటకి ఆరు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో గొడ్లకి గాలికుంటు తగిలింది.

మొదట లోవమ్మ సంతలో కొన్న గేదెకి వచ్చింది. నోట్లోంచి చొంగ తాళ్ళు తాళ్ళుగా కారింది. నాలుక పొక్కిపోయింది. గిట్టల మధ్య పుండ్లు పడి కాలు కింద పెట్టలేకపోయింది.

లోవమ్మ చిట్టియ్యకి కబురు పెట్టింది.

గొడ్డుకి ఏ జబ్బొచ్చినా ఊరు చిట్టియ్యనే పిలిచేది. వాళ్ళ నాన్న నేర్పిన పని. పటిక నీళ్ళతో నోరు కడుగుతాడు. పసుపు కలిపిన వెన్న అరచేత్తో నాలుకకి రాస్తాడు. గిట్టలకి వేపనూనె. మందు రాసేటప్పుడు మాట్లాడడు. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా పుచ్చుకోడు. పొద్దుగూకేదాకా చెయ్యి కడగడు, చేతిలో చలవ పోతుందని. ఆయనది చలవ చెయ్యని అందరి నమ్మకం.

లోవమ్మ ఇంట్లో పని కాగానే పక్కింటికి వెళ్ళాడు. అక్కడ గొడ్లు నెమరేస్తున్నాయి. అయినా ముందుజాగ్రత్తకి వాటి నాలుకలకీ రాశాడు.

నాలుగో రోజున పక్కింట్లోనూ చొంగ కనిపించింది.

"ఒక్క రోజు ముందొస్తే ఆగేదేమో" అన్నాడు చిట్టియ్య.

మర్నాటి నుంచి కోడి కూయకముందే బయల్దేరేవాడు. వెన్న అడుక్కునేవాడు, పసుపు తనే దంచుకునేవాడు. రోజుకి రెండిళ్ళు, మూడిళ్ళు, ఇంకా రోగం రానివి కూడా. ఎంత తిరిగినా రోగం ఆగలేదు. దమ్ము చెయ్యాల్సిన ఎడ్లు దొడ్లో కూలబడ్డాయి. పాలు తాగుతూ తాగుతూనే దూడలు పడిపోయాయి. లోవమ్మ దూడ చిట్టియ్య ఒళ్ళోనే పోయింది.

"ఏం చేస్తాం చిట్టియ్యా. నువ్వుండబట్టి ఈమాత్రమన్నా చూసుకున్నాం" అంది లోవమ్మ.

చిట్టియ్య తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని లేచాడు.

పన్నెండు రోజులు తిరిగేసరికి ఊళ్ళో ఒక్క ఇల్లే మిగిలింది. వియ్యంకుడు తాతాజీది. చిట్టియ్య కూతురు రామతులసి ఆ ఇంటి కోడలు. ఆమెకి పాలు పడలేదు. ఆర్నెల్ల పిల్ల గేదె పాల మీదే బతుకుతోంది. ఆ గేదె కూతురి పెళ్ళిలో చిట్టియ్య ఇచ్చింది. దానికి పాలు తాగే దూడ ఉంది.

చిట్టియ్య వెళ్ళి తడిక దగ్గర నిలబడ్డాడు.

"బావగారూ, నాలుక్కి రాసేసి వెళ్ళిపోతాను. కూర్చోను కూడా కూర్చోను."

తాతాజీ అరుగు దిగలేదు. "మిమ్మల్ని కూర్చోమన్నదెవరండీ? మీ ఇంట పెళ్ళిలో మావాళ్ళు పెరుగు కోసం విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఇంకా లేవలేదు."

"నాలుగేళ్ళయింది బావగారూ."

"అవునండి. పెరుగు తోడుకునే ఉంటుంది ఈపాటికి."

"నా మీద కోపం గేదె మీద చూపిస్తే ఎలాగండీ?"

"గేదెకేం? మీ ఇంటిదే కదా. పాలు నీళ్ళగానే ఇస్తోంది."

చిట్టియ్య వెనక్కి వచ్చేశాడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

రెండ్రోజుల తర్వాత రామతులసి దొడ్డిదారిన పరుగెత్తుకొచ్చింది. "నాన్నా, మావయ్యగారు మిల్లుకి వెళ్ళారు. తొందరగా రా. దూడకేమన్నా అయితే గేదె పాలు చేపదు. పిల్లకి నేనేం పట్టను?"

లోవమ్మ గేదె దగ్గర కూర్చున్న చిట్టియ్య ఉన్నపళంగా లేచాడు. అరచేతిలో వెన్న కారిపోకుండా పట్టుకుని కూతురి వెనకే నడిచాడు. దొడ్డిలో అడుగు పెట్టబోతుంటే తాతాజీ ఎదురొచ్చాడు. డబ్బుల సంచి మర్చిపోయి దారిలోంచి తిరిగొచ్చాడట.

తడిక అడ్డంగా లాగి తాడు కట్టేశాడు.

"నేను పోయాక రండి బావగారూ. అప్పుడు ఎవరూ వద్దనరు."

రామతులసి తడిక అవతల ఏడుస్తోంది. గేదె తల తిప్పి చూసింది. పెంచిన మనిషి కదా, గుర్తుపట్టింది. చిట్టియ్య చేతిలో వెన్న కరిగి మోచేతి దాకా కారింది. చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. చెయ్యగలిగింది ఏమీ లేదు.

మర్నాడు మధ్యాహ్నం పశువుల డాక్టరమ్మ శ్రీదుర్గ ఐసు డబ్బాలో టీకాలు పట్టుకుని వచ్చింది. చిట్టియ్య తను మందు రాసిన గొడ్లన్నీ చూపిస్తుంటే ఊరంతా నడిచి చూసింది.

"వచ్చినవాటికి ఇప్పుడు మందు లేదండి. వైరస్ జబ్బు ఇది. పుండ్లు మానేదాకా కాసుకోవడమే. రానివి ఏమన్నా ఉన్నాయా?"

"ఒక్క ఇల్లేనండి" అన్నాడు చిట్టియ్య. "మా వియ్యంకుడిది. వీధికి నట్టనడుమే. నన్ను గుమ్మం తొక్కనివ్వలేదు. మీరన్నా నాలుగు చీవాట్లు పెట్టండమ్మా."

ఆమె నడుస్తున్నదల్లా ఆగింది.

"మిమ్మల్ని రానివ్వలేదా?"

"లేదండి."

ఆమె సంచిలోంచి కాగితం తీసింది. ఏ ఇంటికి ఏ రోజు వెళ్ళారని అడిగింది. ఆ ఇంట్లో చొంగ ఏ రోజు కనిపించిందని అడిగింది. చిట్టియ్య ఒక్కటీ తప్పకుండా చెప్పాడు. ఆమె పక్కపక్కనే అంకెలు వేసుకుంటూ పోయింది. ఆఖరికి ఆ కాగితం అతని చేతికిచ్చింది.

"మీరే చూసుకోండి తాతగారూ" అంది మెల్లిగా. తాతాజీ ఇంటికేసి వెళ్ళిపోయింది.

చిట్టియ్యకి అక్షరాలు అంతంతమాత్రమే. అంకెలు మాత్రం వచ్చు. దీపాలు పెట్టేవేళ దాకా ఆ కాగితం చూస్తూ అరుగు మీదే కూర్చున్నాడు. పైవీధి వాళ్ళు మందుకి పిలవడానికి వస్తే తలెత్తలేదు.

మర్నాడు పొద్దున్నే చిట్టియ్య వియ్యంకుడి ఇంటికి వెళ్ళి, తడికకి ఇరవై అడుగుల ఇవతలే ఆగిపోయి, ఇంటింటికీ రోగాన్ని మోసుకెళ్ళిన తనను లోపలికి రానివ్వనందుకు తాతాజీకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.