పొలుసుల లంగా

తమ చెరువులో చేపలు పట్టినప్పుడల్లా మంజుష పొలుసులు ఏరి, కడిగి, ఆరబెట్టి, ఏడాదిపాటు ఒక్కొక్కటే కుట్టి లంగా తయారుచేసింది. ఆ రాత్రి రీల్ తీయించుకోవడానికి చెల్లెలు శ్రీసత్యతో అదే చెరువు గట్టుకు వచ్చింది.

ఫోన్ లైటు పడగానే పొలుసులన్నీ ఒక్కసారిగా వెండిలా వెలిగాయి.

"అబ్బ! దేవకన్యలా ఉన్నావక్కా. అలా నడువు."

మంజుష నడిచింది. నీళ్ళలో వందల చేపలు తలలు పైకెత్తి ఆమె వెంటే కదిలాయి.

"మేత వేస్తామనుకున్నాయేమో," అంది శ్రీసత్య మెల్లగా.

మంజుష ఆగింది. చేపలూ ఆగాయి. కప్పల అరుపులు కూడా ఆగిపోయాయి. గాలి లేదు. అయినా లంగా గలగలమంటూ ఊగింది.

"అక్కా, నీళ్ళవైపు వెళ్ళకు!"

"నేను కదల్లేదే," అంది మంజుష, కళ్ళార్పకుండా లంగానే చూస్తూ.

అప్పటికే ఆమె పాదాలకు నీళ్ళు చల్లగా తగులుతున్నాయి.