ఆఖరి బస్సు, ఆఖరి రీలు

"సినిమాకా? నన్నా? మీరా?"

రాఘవమ్మ పప్పుగుత్తి చేత్తో పట్టుకునే అరుగు మీదికొచ్చింది. కాపరానికి వచ్చినప్పటి నుంచి తిరునాళ్ళకి తప్ప ఆమెని ఊరు దాటించని మొగుడు, నందిగామ డేరాలో సినిమా చూపిస్తానంటున్నాడు. ఒంట్లో బాగానే ఉందా అన్నట్టు ఆయన మొహంలోకి చూసింది.

"నేనేనే. ఇద్దరు ఆడవాళ్ళ స్నేహం మీద తీసిన సినిమా. మీ పున్నమ్మని కూడా రమ్మను" అన్నాడు వీరరాఘవయ్య.

"దానికి కూడా మీరే టిక్కెట్టు కొంటారా?"

"కొంటా."

రాఘవమ్మకి అప్పుడే అనుమానం వచ్చింది.

వీరులపాడులో రాఘవమ్మా పున్నమ్మా ఒకే కంచం ఒకే మంచం. పున్నమ్మ మొగుడు పోయాక ఒంటరిగానే వ్యవసాయం చేయించుకుంటోంది. ఆమె చేలో బావి నడి వేసవిలో కూడా ఎండదు. ఆ చేను పక్కనే వీరరాఘవయ్య మిరపతోట, ఏటా నీళ్ళు లేక వాడిపోతుంది. ఆ బావిని చూసినప్పుడల్లా ఆయనకి పున్నమ్మ మీద జాలి పొంగుకొచ్చేది.

ఆ జాలి ముదిరి పెళ్ళి దాకా వచ్చింది. అయితే ప్లీడరు బ్రహ్మయ్య భయపెట్టాడు. "కొత్త చట్టం వచ్చిందయ్యా. ఇంటావిడ కేసు పెట్టిందంటే జైలే. ఆవిడే మనసారా ఒప్పుకుని నోరు మెదపకుండా ఉంటే మాత్రం ఎవడూ అడగడు."

మనసారా ఒప్పించే ఉపాయం జగ్గయ్యపేటలో దొరికింది. మిరపకాయలు అమ్మడానికి వెళ్ళినవాడు ఈ సినిమా చూశాడు. అందులో ఒకావిడ, ప్రాణస్నేహితురాలు ఒంటరిగా ఉండటం చూడలేక, తన మొగుడికే ఇచ్చి పెళ్ళి చేస్తుంది. తన చేత్తోనే తలంబ్రాలు కలుపుతుంది. ఆ ఘట్టం కాగానే వీరరాఘవయ్య లేచి బస్సుకి పరిగెత్తాడు. పేటలో సినిమా చూసే పల్లెటూరి వాళ్ళెవరూ ఆఖరి రీలు దాకా కూర్చోరు. కూర్చుంటే ఆఖరి బస్సు వెళ్ళిపోతుంది. ఎంతమంది కథానాయికలు బతికారో, ఎంతమంది చచ్చారో తెలియకుండానే ఆ చుట్టుపక్కల జనం ముసలివాళ్ళయిపోయారు.

సాయంత్రం ముగ్గురూ బండి కట్టుకుని నందిగామ వెళ్ళారు. డేరాలో ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య తడిక కట్టారు. వీరరాఘవయ్య తెర వంక చూడలేదు. తడికని ఆనుకుని, అటువైపు చెవి పెట్టి కూర్చున్నాడు. తలంబ్రాల ఘట్టం రాగానే అవతల ఆడవాళ్ళంతా ముక్కులు చీదారు. అందులో రాఘవమ్మ చీదడం ఆయన గుర్తుపట్టాడు. అది చాలనుకుని, ఎడ్లు కట్టే వంకతో బయటికొచ్చి చుట్ట వెలిగించాడు.

కాసేపటికి డేరాలోంచి ఆడవాళ్ళ చప్పట్లు వినిపించాయి. ఎవరో మహాతల్లి ఈల కూడా వేసింది. స్నేహమంటే మా కృష్ణా జిల్లా ఆడవాళ్ళకి ఎంత గౌరవమో అని ఆయన పొంగిపోయాడు.

బండి ఊరిదారి పట్టాక మెల్లగా కదిలించాడు. "ఎలా ఉంది?"

"చాలా బాగుందండీ" అంది రాఘవమ్మ.

"ఆ మొగుడే, పాపం..." అంది పున్నమ్మ.

"అతనికేం! అదృష్టజాతకుడు!"

ఆడవాళ్ళిద్దరూ నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఇదే సమయమనుకున్నాడు వీరరాఘవయ్య.

"మన పున్నమ్మ కూడా ఒంటరిదే కదే. ప్రాణస్నేహితురాలివి, నువ్వే ఓ దారి చూపించాలి. నాదేముంది, సంఘ సంస్కరణ కోసం నేను ఏ త్యాగానికైనా సిద్ధం."

ఇన్నేళ్ళు వండి వార్చిన ఇంట్లో రేపటి నుంచి తన చోటెక్కడో రాఘవమ్మకే తెలియదు. ఏడుపొచ్చింది. పున్నమ్మ చెయ్యి వెతుక్కుంటూ వచ్చి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది.

"మా బావి మీకంత నచ్చిందా అన్నయ్యగారూ?" అంది పున్నమ్మ.

"బావి మాట ఇప్పుడెవరెత్తారు? అయినా ఇంకా అన్నయ్యేమిటి?" అని విసుక్కున్నాడు.

రాఘవమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అలాగే కానివ్వండి. సినిమాలో ఎలా జరిగిందో అచ్చం అలాగే చేద్దాం."

మర్నాడు పొద్దున్నే పున్నమ్మ వచ్చింది. ఇద్దరూ పొయ్యి ముందు చేరి గుసగుసలు, మధ్యమధ్య నవ్వులు. ఇల్లంతా యాలకుల వాసన. వీరరాఘవయ్యకి పెద్ద పీట వేసి కూర్చోబెట్టారు. రాఘవమ్మ నిండుగిన్నెతో పాయసం తెచ్చి చేతికిచ్చింది.

"శుభమా అని నోరు తీపి చేసుకోండి."

ఆయనకి అప్పుడే మిరపతోటలో నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది. పున్నమ్మ పక్కనే నిలబడి విసనకర్రతో విసురుతోంది. గటగటా సగం గిన్నె తాగి మూతి తుడుచుకున్నాడు.

"మీరు తాగరా?"

"మాకొద్దండీ. మీకోసమే చేశాం" అంది రాఘవమ్మ.

"అవునూ, ఇంతకీ ఆ సినిమా చివరికి ఏమవుతుందే? రెండుసార్లు వెళ్ళినా ఆఖరి రీలు చూళ్ళేకపోయా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పున్నమ్మ విసరడం ఆపింది.

"ఏముంది అన్నయ్యగారూ, ఆడవాళ్ళిద్దరూ కలిసి ఆయనకి పాయసం వండి పెట్టారు. పాపం, ఆయన కూడా సగం తాగాకే అడిగాడు, మీరు తాగరా అని."