పిడుగుపక్షిని పెంచిన కోడలు

"అద్దం మీద గుడ్డ కప్పమన్నానా లేదా?"

మాసిబియా అరుపు ఉరుములో కలిసిపోయింది. కొండ మీద మెరుపులు మొదలైతే ఊరంతా అద్దాలు కప్పి, మెరిసే గిన్నెలు బోర్లించి, నోరు మూసుకుని కూర్చుంటుంది. ఆమె కోడలు ఖెతివే మాత్రం అద్దం ముందు నిలబడి తాపీగా తల సవరించుకుంటోంది. కన్ను కింద వాపు ఇంకా తగ్గలేదు.

"ఆ ముఖానికి సింగారం ఒకటి. నా కొడుకు మళ్లీ దిద్దుతాడులే, ఆగు."

"భయమున్నవాళ్లు కప్పుకుంటారు అత్తా. నాకెందుకు?"

మాసిబియా ఓ అడుగు వెనక్కి వేసింది. అయితే ఊళ్లో గుసగుసలు నిజమేనన్నమాట. పిడుగుపక్షి తల్లి నుంచి కూతురికి వస్తుంది. పెంచినదాని మాట విని, దాని మొగుడి నెత్తురు తాగుతుంది. కొడుకు దుమిసా దగ్గు అందుకే తగ్గడంలేదు. సారా వల్లనంటుంది ఈ మహాతల్లి. అలా అన్నందుకే కన్ను వాచింది.

అంతలో దొడ్డిలో పిడుగు పడి నల్ల ఎద్దు చచ్చింది.

తెల్లారి ఇంటి పెద్దలు కూర్చున్నారు. దుమిసా తల్లి వెనక నక్కాడు.

"పెళ్లికి మీ అమ్మ చాపలూ దుప్పట్లూ పెట్టి పంపిందే. పక్షిని ఏ మూటలో చుట్టింది?" అంది మాసిబియా.

ఖెతివే తల వంచుకుంది. "లేదంటే నమ్ముతావా?"

"చూశారా? లేదనడానికి నోరు రావడంలేదు. మొన్న పుట్టింటికి పారిపోతే, పిల్లకి మనమిచ్చిన ఓలి పశువులు తిరిగివ్వలేక వాళ్లయ్యే లాక్కొచ్చి దిగబెట్టాడు. కన్నవాళ్లకే అక్కర్లేని సరుకు."

మాసిబియా బావగారు గొంతు సవరించుకున్నాడు. "తొందరపడకమ్మా. తనంతట తాను పోతేనే మన ఓలి పశువులు వెనక్కి వస్తాయి. మనం గెంటితే ఒక్క తోక కూడా రాదు."

"మంత్రగత్తె పెరట్లో మేసినవి నాకెందుకు బావగారూ? వాటి వెంట మళ్లీ పిడుగే వస్తుంది. వాళ్లనే మేపుకోమనండి. నాకు నా కొడుకు దక్కితే చాలు. ఇది మాత్రం ఇప్పుడే గుమ్మం దాటాలి."

ఖెతివే మూట నెత్తిన పెట్టుకుని కొండ దిగింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఏడుపు కూడా రాని రాతిగుండె అనుకుంది మాసిబియా, ఆమె అడుగుల మీద బూడిద చల్లుతూ.

సాయంత్రం మాసిబియా కుండెడు జొన్న బీరు పట్టుకుని పొరుగింటికి వెళ్లింది. పక్షి సంగతి ఆమె చెవిన వేసింది ఆ ఇంటి మాజుంగే.

"తాగవే. నువ్వు చెప్పబట్టి నా కొడుకు దక్కాడు. ఇంతకీ నీకెవరు చెప్పారు? వాళ్లకీ ఓ కుండ పంపుతాను."

"పేరు బయటపెట్టనని ఒట్టేశాను వదినా."

"అంతా అయిపోయిందిగా. ఇంకా ఒట్టేమిటి?"

మాజుంగు మూతి తుడుచుకుంది.

"నీ కోడలే."