నూరో ఏటి పెంపు

"మామ్మగారూ, నూరు నిండగానే పెన్షన్ పెంపు మీ ఖాతాలో పడిపోయిందండీ. బతికున్నారని చేతికున్న బ్యాండే చెప్పేస్తుంది కదండీ! ఎందుకొచ్చారు?" అంది ట్రెజరీ ఆఫీసులో అమ్మాయి.

హైమావతి హాలంతా కలయజూసింది. బ్యాండ్లు రాకముందు, బతికున్నామని చూపించుకోవడానికి ముసలివాళ్లంతా ఏటా నవంబరులో ఇక్కడే వరుస కట్టేవారు. తన ఈడుదే అయిన జగదాంబ ఆ వరుసలోనే పరిచయమైంది. ఇల్లెక్కడో అడగనే లేదు. వచ్చే నవంబరు ఎలాగూ ఉందిగా అనుకుంది. ఎనభయ్యో ఏటి పెంపుకి హైమావతి పులిహోర తెచ్చింది.

"నూరో ఏటి పెంపుకి నా వంతు వదినగారూ," అంది ఆ రోజు జగదాంబ.

హాల్లో బెంచీలన్నీ ఖాళీ. హైమావతి ఒకదాని మీద కూర్చుని, పక్కన చేతిరుమాలు పరిచింది. ఆఫీసు అమ్మాయి వచ్చి అక్కడ కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఇక్కడ మనిషున్నారమ్మా."