నువ్వు వదులుకునే సీటు

మనవరాలా,

నిన్న ఫోనులో "నువ్వు చూడని ప్రయోగమా అమ్మమ్మా?" అన్నావు. తప్పు. నేను చూడలేదు, గీశాను. రెండు సన్నటి చీలికల గుండా వెళ్ళిన కాంతి గోడ మీద చారలుగా పడుతుందని, ఉద్యోగం చేసినన్నాళ్ళూ సుద్దముక్కతోనే చూపించాను. మా బడిలో ల్యాబు బీరువా తాళం హెడ్మాస్టరు జేబు దాటేది కాదు. అడిగితే, "పగిలితే పూచీ ఎవరిదమ్మా?" అనేవాడు.

ఇప్పుడు నీకు వేసవి శిక్షణలో సీటు వచ్చింది. చీకటిగది, లేజరు, అన్నీ నీ చేతికే ఇస్తారు. నువ్వేమో, "నా రూమ్మేటు కుళ్ళుకుంటోంది, మాట్లాడ్డం మానేసింది. సీటు వదిలేస్తా, దానికి వస్తుంది" అంటున్నావు.

ఆ పిల్లదీ ఒక కుళ్ళేనా? నీకు సీటు వచ్చిందని విన్న పూట నాకు ముద్ద దిగలేదు. కడుపుమంటలో దానికంటే నేను చాలా సీనియర్ని. అయినా నీతో మాట్లాడుతూనే ఉన్నానా లేదా?

ఇంకో సంగతి. ఆ శిక్షణకు రిటైరైన టీచర్లూ రావచ్చు. నేనూ దరఖాస్తు పెట్టాను. ఎవరైనా తప్పుకుంటే తర్వాతి పిలుపు నాకేనని ఆఫీసువాళ్ళు చెప్పారు. కాబట్టి నీ త్యాగం ఆ పిల్లదాకా పోదు, మధ్యలో నేనున్నాను. సంచీ కూడా సర్దేశాను.

రేపు ఆఫీసుకు వెళ్ళి, శిక్షణకు వస్తావో రావో తేల్చి చెప్పు. రానని చెప్పేటట్టయితే, శిక్షణ జరిగే భవనానికి లిఫ్టు ఉందో లేదో కనుక్కో. నా మోకాళ్ళు మెట్లెక్కవు.